వంపు పాదానికి ఎత్తు కావాల్సింది లోపలి వైపు కాదు, బయటి వైపు

ప్రశ్న: నా వయసు 37. విజయవాడలో చీరల షాపులో సేల్స్‌లో చేస్తున్నాను. రోజుకు పది గంటలు నిలబడే పని, షాపులో చెప్పులు వేసుకోనివ్వరు. చిన్నప్పటి నుంచీ నా అరికాళ్లు మధ్యలో బాగా పైకి ఉంటాయి. తడికాలితో నడిస్తే మడమ దగ్గర, వేళ్ల దగ్గర మాత్రమే అచ్చు పడుతుంది. అదృష్టపు పాదాలనేది మా నాయనమ్మ. రెండేళ్లుగా వేళ్ల మొదళ్ల కింద మంట, చిటికెన వేలి కింద ఆనెకాయ. బ్లేడుతో కోసినా నెలకల్లా మళ్లీ వస్తోంది. ఈ ఏడాదిలో కుడికాలు మూడుసార్లు బెణికింది. వంపు కింద గట్టి ఎత్తు ఉండే ఇన్‌సోల్ ఆన్‌లైన్‌లో తెప్పించి వాడితే కాలు ఇంకా ఎక్కువగా తూలుతోంది. మా బాబుకు 11 ఏళ్లు. రెండేళ్లుగా వాడి పాదాలూ నాలాగే అయిపోతున్నాయి, తరచూ తట్టుకుని పడుతున్నాడు. మాది మేనరికం. దానివల్లేనా? ఆపరేషన్ తప్పదా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఆ ఇన్‌సోల్ తీసి పక్కన పెట్టండి. అది చదును పాదాల కోసం చేసిన సరుకు. అరికాలు చదునుగా ఉన్నవాళ్ల పాదం లోపలికి, అంటే బొటనవేలి వైపు కుంగుతుంది. అందుకని వాళ్లకు ఆ వైపు ఎత్తు పెడతారు. మీ పాదం ఒరిగేది బయటికి. బయటికి ఒరుగుతున్న గోడను లోపలి నుంచి నెడితే ఏమవుతుందో మీ చీలమండ ఇప్పటికే చెప్పింది. డబ్బా మీద 'ఆర్చ్ సపోర్ట్' అని ఉంటే చాలు, ఆర్చ్, అంటే వంపు, ఎక్కువ ఉన్నవాళ్లకు అదే సరైందనుకుని కొనేస్తారు. తిరకాసంతా ఆ పేరులోనే ఉంది.

నాయనమ్మ మాటను మరీ తీసిపారేయక్కర్లేదు. వంపు ఎక్కువ ఉన్నా జీవితాంతం కాలినొప్పి ఎరగనివాళ్లు బోలెడుమంది. వంపే జబ్బు కాదు. బరువు ఎక్కడ పడుతోంది, మడమ ఎటు ఒరుగుతోంది, అసలు వంపు ఎందుకు పెరిగింది అన్నవే లెక్క. మీ విషయంలో మొదటి రెండూ ముఖ్యం, మీ బాబు విషయంలో మూడోది.

కృష్ణాష్టమికి గడప నుంచి పూజగది దాకా పిండితో చిన్నికృష్ణుడి పాదాలు వేస్తాం కదా. పిడికిలి అంచుతో అద్దిన ఆ అచ్చు మధ్యలో సన్నబడుతుందే గానీ తెగిపోదు. మామూలు పాదం అచ్చూ అంతే, బయటి అంచు వెంట ఓ పట్టీ మడమనూ వేళ్లనూ కలుపుతూ ఉంటుంది. మీ అచ్చులో ఆ పట్టీ లేదు, రెండు ముక్కలుగా పడుతోంది. అంటే పాదమంతా పంచుకోవాల్సిన బరువును పది గంటలపాటు మడమ, వేళ్ల మొదళ్లే మోస్తున్నాయి. అక్కడి చర్మం తనను తాను కాపాడుకోవడానికి మందమెక్కుతుంది. అదే ఆనెకాయ. ఒత్తిడి అలాగే ఉంచి కాయను మాత్రం కోస్తే నెలకు తిరిగి రావడంలో వింతేముంది?

ఇక బెణుకుల సంగతి. పాదాన్ని ముక్కాలిపీట అనుకోండి. మడమ ఒక కాలు, బొటనవేలి మొదలు రెండోది, చిటికెన వేలి మొదలు మూడోది. వంపు పాదాల్లో చాలావాటికి బొటనవేలి వైపు ఎముక కిందికి దిగి ఉంటుంది. పీటకు ఒక కాలు పొడవైనట్టు. అలాంటి పీట నేల మీద పెడితే అవతలి వైపు ఒరుగుతుంది. మీ మడమా అలాగే బయటి అంచు మీదికి ఒరుగుతోంది. ఆ స్థితిలో చిన్న గులకరాయి తగిలినా, మెట్టు అంచు దొరక్కపోయినా చీలమండ బయటికి మడతపడుతుంది. బెణికిన ప్రతిసారీ బయటి వైపు లిగమెంట్లు కాస్త సాగుతాయి, తర్వాతి బెణుకు ఇంకా తేలిక. ఇంతకుముందు బెణికినప్పుడు ఎక్స్‌రే తీయించారో లేదో రాయలేదు. బెణికిన వెంటనే నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముకల వెనక అంచున నొక్కితే నొప్పి పుట్టినా, పాదం బయటి అంచు మధ్యలో బొడిపెలా తగిలే ఎముక నొక్కితే ప్రాణం పోయినట్టున్నా ఎక్స్‌రే తీయించాల్సిందే. ఆ బయటి ఎముక వంపు పాదాల్లో పదేపదే ఒత్తిడికి సన్నగా చిట్లుతుంది కూడా. బెణుకేలే అని నెలల తరబడి తిరిగేవాళ్లకు అతుక్కోవడం కష్టమవుతుంది.

ఇంట్లోనే రెండు పరీక్షలు చేసుకోండి. ఫోన్‌ను నేల మీద, మీ వెనక రెండు అడుగుల దూరంలో మడమల ఎత్తులో నిలబెట్టి, మామూలుగా నిలబడి ఫొటో తీయించండి. పిక్క మధ్య నుంచి మడమ మధ్యకు ఊహలో గీత గీస్తే, గీత కింది కొస బొటనవేలి వైపు వంగుతుంటే మడమ ఒరిగినట్టే. ముందు నుంచి కూడా ఒక ఫొటో తీయించండి. పాదాలు ఎదురుగా చూస్తూ నిలబడితే మామూలుగా మడమ కండ కనిపించదు. మీకు లోపలి వైపు నుంచి తొంగిచూస్తున్నట్టు కనిపిస్తే అదీ అదే గుర్తు.

రెండోది ఆర్థోపెడిక్ డాక్టర్లు చేసే పరీక్షే, కోల్‌మన్ బ్లాక్ టెస్ట్ అంటారు. రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్న చెక్క తీసుకోండి. దాని మీద మడమ, పాదం బయటి అంచు ఆనేలా నిలబడాలి. బొటనవేలి మొదలు మాత్రం చెక్క అవతల గాలిలో ఉండి నేల వైపు దిగాలి. గోడ పట్టుకోండి, పక్కన ఒకరు ఉండాలి. ఇప్పుడు మళ్లీ వెనక నుంచి మడమ ఫొటో తీయించండి. మడమ నిటారుగా వచ్చేస్తే అది ఇంకా మెత్తగానే, అంటే కదిలేలానే ఉంది, ఒరగడానికి కారణం దిగిపోయిన బొటనవేలి ఎముకే. అలాంటి పాదానికి మంచి ఇన్‌సోల్‌తో చాలా మేలు జరుగుతుంది. చెక్క మీద కూడా మడమ అలాగే ఒరిగి ఉంటే కీళ్లు బిగిసిపోయాయన్నమాట. అప్పుడు ఇన్‌సోల్ బరువును పంచుతుంది గానీ మడమను నిలబెట్టలేదు.

ఇప్పుడు అసలు ఇన్‌సోల్. కృత్రిమ అవయవాలు, బెల్టులు, క్యాలిపర్లు చేసే ఆర్థోటిస్టు దగ్గరికి వెళ్లండి. మెడికల్ షాపులో నంబరు చూసి ఇచ్చేది వద్దు. పాదం అచ్చు తీసుకుని చేయమనండి. మడమ నుంచి వేళ్ల దాకా పూర్తి పొడవుండాలి. ఈవా అనే నురుగు లాంటి మెత్తని సరుకైతే మంచిది, గట్టి ప్లాస్టిక్ వద్దు. ఒత్తిడిని పీల్చుకునే శక్తి మీ పాదానికి ముందే తక్కువ. బయటి అంచు వెంట మడమ నుంచి చిటికెన వేలి మొదలు దాకా మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి, లోపలికి వచ్చేకొద్దీ పలచబడాలి. కోల్‌మన్ చెక్క చేసిన పనే ఇదీ చేస్తుంది. బొటనవేలి మొదలు కింద చిన్న పల్లం తీయించండి, కిందికి దిగిన ఎముక అందులో కూర్చుంటుంది. పొడవైన పీట కాలికి నేలలో గుంట తవ్వినట్టు. ఈ పల్లం మరిచిపోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు, అది లేకపోతే బయటి ఎత్తు సగం వృథా. ఇక వంపు కింద ఇన్‌సోల్ చర్మాన్ని ఆనుకుని ఉండాలి, అంతే. ఖాళీని నింపాలి, పైకి నెట్టకూడదు. అలా ఆనుకున్నప్పుడే మధ్యభాగం కూడా బరువులో తన వాటా మోస్తుంది, వేళ్ల మొదళ్లకు ఊపిరాడుతుంది.

మంట ఉన్నది వేళ్ల మొదళ్ల కింద కాబట్టి మెటాటార్సల్ ప్యాడ్ కూడా అడగండి. కన్నీటి చుక్క ఆకారంలో ఉండే చిన్న దిండు అది. చాలామంది దాన్ని సరిగ్గా నొప్పి ఉన్నచోటే పెడతారు, నొప్పి రెట్టింపవుతుంది. అది నొప్పికి వెనక, మడమ వైపు ఉండాలి. చోటు పట్టుకోవడానికి కాటుక చాలు. నొక్కి చూసి, బాగా నొప్పి ఉన్న చోట కాటుకతో చుక్క పెట్టండి. ఇన్‌సోల్ మీద కాగితం పరిచి, చెప్పులో పెట్టి, ఒక్కసారి బరువు వేసి తీయండి. కాగితం మీద చుక్క అచ్చు పడుతుంది. ప్యాడ్ ముందు అంచు ఆ చుక్కకు అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు వెనక రావాలి. ముందు ప్లాస్టర్ టేపుతో అంటించి రెండు మూడు రోజులు తిరిగి చూసుకుని, ఆ తర్వాతే గమ్ వేయించండి.

కొత్త ఇన్‌సోల్ మొదటి రోజు ఒక గంట, తర్వాత రోజుకో గంట పెంచండి. పిక్కలో కొత్త అలసట వారం పది రోజుల్లో తగ్గుతుంది. మోకాలి లోపలి వైపు నొప్పి మొదలైతే మాత్రం బయటి ఎత్తు ఎక్కువైనట్టు, ఒక మిల్లీమీటరు చెక్కించుకోండి. ఈవా అణిగిపోయే సరుకు, బొటనవేలితో నొక్కితే తిరిగి లేవని రోజున మార్చాల్సిందే. ఇన్‌సోల్ పెట్టుకుంటే వంపు తగ్గుతుందా అని అందరూ అడుగుతారు. తగ్గదు. నూనె మర్దన చేసినా తగ్గదు.

మీకు చిక్కు షాపులోనే, చెప్పులు ఉండవు కాబట్టి. బిగుతైన కాటన్ సాక్సు లోపల సిలికాన్ మెటాటార్సల్ ప్యాడ్ తొడుగు వేసుకోవచ్చు, పరుపు మీద నడిచినా ఎవరికీ తెలియదు. చీలమండకు పట్టీలున్న యాంకిల్ బ్రేస్ వేసుకోండి, సాగే గుడ్డ తొడుగు ఒక్కటే మీ ఒరుగును ఆపలేదు. పరుపు లేని చోట నిలబడాల్సి వస్తే ఒక ఈవా మ్యాట్ అడగండి. గంటకు అయిదు నిమిషాలు స్టూలు మీద కూర్చున్నా ఒత్తిడికి తెంపు పడుతుంది. షాపుల్లో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు మార్చాయి. యజమానిని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

బయటికి, ఇంట్లో పలచని హవాయి చెప్పులు మానేయండి. వాటిని పట్టుకోవడానికే వేళ్లు ముడుచుకుంటాయి, మీ వేళ్లకు ఆ అలవాటు ముందే ఎక్కువ. వెనక పట్టీ ఉన్న శాండల్, వెడల్పైన మడమ, పైన మీగాలి మీద ఒత్తని వెల్క్రో చూసుకోండి. బూటైతే లేసుల్ని అడ్డంగా, ఒకదానికొకటి దాటకుండా కట్టి, ఎత్తుగా ఉన్న ఎముక మీద ఒక జత రంధ్రాలు వదిలేయండి. పూర్తి చదునుకన్నా ఒకటి రెండు సెంటీమీటర్ల మడమ మీకు హాయిగా ఉంటుంది, అంతకు మించితే బరువంతా మళ్లీ వేళ్ల మొదళ్ల మీదికే.

ఆనెకాయకు బ్లేడు ఆపేయండి. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, కాలు రుద్దే రాయితో మెల్లగా రుద్ది, రాత్రి 10 నుంచి 20 శాతం యూరియా క్రీము రాసి సాక్సు వేసుకోండి. కార్న్ క్యాపుల్లో యాసిడ్ ఉంటుంది. షుగరు ఉన్నా, పాదంలో స్పర్శ తక్కువగా ఉన్నా వాటి జోలికి వెళ్లొద్దు, చుట్టూ ఉన్న మంచి చర్మం కాలిపోయినా తెలియదు. స్పర్శ తక్కువగా ఉన్నవాళ్లకు మన దగ్గర కుష్ఠు, షుగరు రోగులకు ఇచ్చే ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులే మంచి పునాది, వాటి మీదే ఆర్థోటిస్టు ఈ ఎత్తులు వేస్తాడు.

వ్యాయామాల్లో మొదటిది పిక్క సాగదీయడం. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి, మోకాలు నిటారుగా, మడమ నేలకు అంటి ఉండాలి. 30 సెకన్లు, మూడుసార్లు, పొద్దున్నా రాత్రీ. తర్వాత అదే భంగిమలో వెనక మోకాలు కొంచెం వంచి మళ్లీ మూడుసార్లు, లోపలి పిక్క కండరం అప్పుడే సాగుతుంది. పిక్క బిగిసి ఉంటే అడుగు వేసినప్పుడు మడమ తొందరగా లేచిపోయి ముందుభాగం నలుగుతుంది. రెండోది సాగే రబ్బరు బ్యాండుతో. బ్యాండు పాదానికి చుట్టి, రెండో కొస లోపలి వైపు కట్టి, పాదాన్ని చిటికెన వేలి వైపు నెమ్మదిగా తిప్పి, ఇంకా నెమ్మదిగా వెనక్కి తేవాలి. 12 సార్లు చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. బెణుకును ఆపే కండరాలివే. పళ్లు తోముకునేటప్పుడు గోడ దగ్గర ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడటం అలవాటు చేసుకోండి. కాళ్లు లాగేదాకా, మర్నాడు నీరసం తెచ్చేదాకా మాత్రం చేయొద్దు. ఎందుకో కింద చెబుతాను.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా బరువైన మాట 'రెండేళ్లుగా వాడి పాదాలూ నాలాగే అయిపోతున్నాయి' అన్నది. పుట్టుకతో వంపు ఉండటం వేరు, ఎదిగే పిల్లాడికి కొత్తగా పెరగడం వేరు. పెరుగుతోందంటే కండరాల మధ్య బలం తారుమారవుతోందని అర్థం. పాదాన్ని పైకెత్తే కండరాలు, బయటికి తిప్పే కండరాలు బలహీనపడితే, వాటికి ఎదురు లాగేవి గెలుస్తాయి. బొటనవేలి ఎముక కిందికి, మడమ కింది కొస లోపలికి పోతాయి, వేళ్లు పక్షి గోళ్లలా వంగుతాయి. తట్టుకుని పడటానికీ కారణం ఇదే కావచ్చు, అడుగు ఎత్తినప్పుడు వేళ్లు పూర్తిగా లేవడం లేదు.

బాబును మడమల మీద నడవమనండి, వేళ్లన్నీ గాల్లో పెట్టి పది అడుగులు. మీరూ నడవండి. ఇద్దరిలో ఎవరికి వేళ్లు లేవకపోయినా నరాల పరీక్ష కావాలి. వాడి పిక్కలు తొడలతో పోలిస్తే మరీ సన్నగా ఉన్నాయా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోందా, చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పల్లం పడిందా చూడండి. రెండు కాళ్లకూ ఒకేలా, తల్లికీ కొడుక్కీ ఇద్దరికీ ఉంటే మొదట అనుమానించేది షార్కో-మేరీ-టూత్ అనే వంశపారంపర్య నరాల సమస్యను. 1886లో దీన్ని వర్ణించిన ముగ్గురు డాక్టర్ల పేర్లు అవి, టూత్ అన్నారని పంటి జబ్బు అనుకోకండి. ఎక్కువమందిలో కనిపించే రకానికి కారణం 17వ క్రోమోజోమ్ మీద పీఎంపీ22 అనే జన్యువు ఒక ప్రతి ఎక్కువ ఉండటం. అనుమానమే సుమా, నిర్ధారణ కాదు.

మేనరికం సంగతి. ఈ రకం తల్లి లేదా తండ్రి ఒక్కరి నుంచి వచ్చినా చాలు, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. మీకూ ఉండి బాబుకూ వచ్చిందంటే, మీరు మేనరికం చేసుకోకపోయినా రాగలిగేదే. మేనరికాల్లో ఎక్కువ కనిపించే రకాలు వేరే ఉన్నాయి. వాటికి తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు లోపాలూ కలవాలి. ఫ్రెడ్రిక్ అటాక్సియా అనే వేరే నరాల జబ్బూ అలాంటిదే, అందులో వంపు పాదాలతో పాటు నడకలో తూలు, గుండె కండరం సమస్య కూడా వస్తాయి. కాబట్టి మేనరికం అన్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, కానీ తప్పు మీ పెళ్లిది అని ఇప్పుడే మీ మీద వేసుకోకండి.

పిల్లల న్యూరాలజిస్టుకు చూపించండి. మోకాలి, చీలమండ రిఫ్లెక్సులు, ట్యూనింగ్ ఫోర్కుతో అదురు తెలుస్తోందా లేదా చూశాక, నర్వ్ కండక్షన్ పరీక్ష రాస్తారు. చిన్న కరెంటు షాకులు, కాస్త చిరాకేగానీ ప్రమాదం లేదు. హైదరాబాద్ నిమ్స్ లాంటి పెద్ద న్యూరాలజీ విభాగాల్లో చేస్తారు. మీకూ అదే రోజు చేయించుకోండి, ఇద్దరి ఫలితాలు పక్కపక్కన పెడితే డాక్టరుకు సగం పని తప్పుతుంది. మీకు షుగరు, బీ12 కూడా చూపించుకోవాలి. ఒక్క పాదానికే వంపు పెరుగుతున్నా, పక్క తడపడం కొత్తగా మొదలైనా, నడుము మధ్యలో జుట్టు కుచ్చో పల్లమో ఉన్నా అది వెన్నుపాము గొడవ కావచ్చు, ఎంఆర్‌ఐ వాయిదా వేయకూడదు.

షార్కో-మేరీ-టూత్ అని తేలితే దాన్ని మాన్పే మందు ఇప్పటికి లేదు. కానీ మామూలుగా ఇది నెమ్మదిగా నడిచే జబ్బు, ఆయుష్షును తగ్గించదు. కాలు ఈడ్చే దశలో ఏఎఫ్‌ఓ అనే పలచని క్యాలిపర్ వేస్తే పడటం తగ్గుతుంది. బలహీనపడిన కండరాన్ని పట్టుదలగా అలసిపోయేదాకా వాడితే మేలు కాదు, పైన వ్యాయామాలకు హద్దు చెప్పింది అందుకే. ఇంకో జాగ్రత్త, రక్త క్యాన్సర్లలో వాడే విన్‌క్రిస్టిన్ అనే మందు వీళ్ల నరాలను తీవ్రంగా దెబ్బతీస్తుంది. జబ్బు పేరు వైద్య రికార్డుల్లో, వేరే ఏ ఆసుపత్రికి వెళ్లినా కనిపించేలా రాసి ఉంచాలి.

ఆపరేషన్ విషయానికొస్తే, మీకు ఇప్పుడే అక్కర్లేదనే నా అభిప్రాయం. సరైన ఇన్‌సోల్, బ్రేస్, వ్యాయామాలతో ఆరు నెలలు చూడండి. అప్పటికీ బెణుకులు ఆగకపోతే, మడమ మెత్తగా ఉన్న పాదానికి కీళ్లను వదిలేసి చేసే పద్ధతులున్నాయి. బొటనవేలి వైపు ఎముకను కోసి పైకి లేపడం, మడమ ఎముకను కోసి బయటికి జరపడం, అతిగా లాగుతున్న స్నాయువును బలహీనమైన దానికి మార్చడం. ఒకే ఆపరేషన్‌లో వీటిలో రెండు మూడు కలుపుతారు. సుమారు ఆరు వారాలు ఆ కాలు మీద బరువు మోపకూడదు, అంటే మీ ఉద్యోగానికి కనీసం మూడు నెలలు సెలవు. కీళ్లు బిగిసిపోయాక మిగిలేది మూడు కీళ్లను కలిపి అతికించే ట్రిపుల్ ఫ్యూజన్. పాదం నిలబడుతుంది, కానీ పక్కలకు కదలదు, ఏళ్లు గడిచేకొద్దీ పై కీలు అరుగుతుంది. అందుకే బాబును ఎముకల డాక్టరుకు ఏడాదికోసారైనా చూపించి, చెక్క పరీక్షలో వాడి మడమ ఇంకా నిటారుగా వస్తోందా లేదా గమనిస్తూ ఉండాలి. మెత్తగా ఉన్న దశలో చేసేది ఫ్యూజన్ కన్నా చిన్న ఆపరేషన్.

ఎక్స్‌రే తీయించేటప్పుడు నిలబడి, పాదం మీద బరువు పెట్టి తీయమని అడగండి. పడుకోబెట్టి తీసిన దాంట్లో వంపు కోణాలు తప్పుగా వస్తాయి. బాబు నడక వీడియో ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, మడమల మీద నడిచేది ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి. రెండేళ్ల కిందటి వీడియో ఏదైనా ఉంటే, పుట్టినరోజుదైనా సరే, వెతకండి. మీ పాత చెప్పులు పారేయకండి, సోలు బయటి అంచు ఎక్కడిదాకా అరిగిందో ఆర్థోటిస్టుకు అవే చూపిస్తాయి.